గేట్ పాస్ లేని బల్లి

2వ తేదీ

దూరవిద్యా కేంద్రం జంతుశాస్త్రం మేడం గారికి,

రోల్ నంబరు 317 నమస్కారం.

నేను మీ కేంద్రం ద్వారా జంతుశాస్త్రంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. వయసు యాభై మూడు. కాగితం, అట్టపెట్టెలు నిల్వ చేసే గోడౌన్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా స్టోర్‌కీపర్‌ని.

మీరుండే చోటో పనిచేసే చోటో ఏదైనా ఒక జంతువును నలభై రోజులు గమనించి నోటుపుస్తకం పంపాలని ప్రాక్టికల్ ఇచ్చారు. మా గోడౌన్ గోడల మీది బల్లులను గమనించాను. రోజూ సాయంత్రం ఏడు గంటలకు దీపాలు వేసి, పావుగంట ఆగి లెక్కపెట్టాను. ప్రారంభ నిల్వ, వచ్చినవి, పోయినవి, ముగింపు నిల్వ అని నాలుగు గళ్లు గీశాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. పుస్తకం దీనితోపాటు పంపుతున్నాను.

నలభై రోజుల్లో ఒక్కరోజు కూడా మానలేదు. పన్నెండో రోజు నాకు జ్వరం వచ్చింది. అది బల్లులకు సంబంధించింది కాదు కాబట్టి పుస్తకంలో రాయలేదు.

ఇది నాకు ఆరో సంవత్సరం. ఇంతకు మించి గడువు ఇవ్వరని మీ నిబంధనల్లో ఉంది. ప్రాక్టికల్ పాసైతేనే ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తారని కూడా ఉంది. కాబట్టి కాస్త శ్రద్ధగా చూడగలరు.

విధేయుడు,
317

తా.క. అట్ట మీద గోధుమ రంగు మరక టీ మరక. జంతు సంబంధమైనది కాదు.

5వ తేదీ

రోల్ నంబరు 317 గారికి,

మీ నోటుపుస్తకం అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. గీతలు స్కేలు పెట్టి గీశారు. ఇక మెచ్చుకోవడానికి ఏమీ లేదు.

మొదటి రోజు పదకొండు బల్లులు. రెండో రోజు పదకొండు. నలభయ్యో రోజు పదకొండు. మధ్యలో ఏ పేజీ తిప్పినా పదకొండే. వచ్చినవి, పోయినవి గళ్లలో ఏవో అంకెలున్నాయి గానీ, ఒకరోజు రెండు వచ్చి రెండు పోవడం, ఇంకోరోజు ఒకటి వచ్చి ఒకటి పోవడం. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పెళ్లి ఫొటోలో చుట్టాలు కూడా ఇంత బుద్ధిగా నిలబడరు. మీరు ఒక్కరోజు గోడవైపు చూసి, మిగతా ముప్పై తొమ్మిది రోజులూ కుర్చీలో కూర్చుని రాశారని నా అభిప్రాయం.

ఈ ఏడాది ఇప్పటికే ఒకరు చచ్చిన సీతాకోకచిలుక దినచర్య పంపారు. ఇంకొకరు పక్కింటి కుక్కను గమనించి, రంగు మార్చి అదే కుక్కను తమ్ముడికి కూడా ఇచ్చారు. నా ఓపిక అయిపోయింది. పది రోజుల్లో సంజాయిషీ రాయండి. లేకపోతే మీ ప్రాక్టికల్ తిరస్కరిస్తాను. మార్కుల జాబితా ముప్పయ్యో తేదీన వెళ్లిపోతుంది. ఆరో సంవత్సరమైనా, అరవయ్యో సంవత్సరమైనా నా చేతిలో ఏమీ ఉండదు.

ఇట్లు,
జంతుశాస్త్ర అధ్యాపకురాలు

తా.క. 39వ రోజు పేజీలో "ఇతర సరుకు: తోక – 1. యజమాని తెలియదు" అని ఉంది. ఇదేమిటి?

7వ తేదీ

మేడం గారికి,

317 నమస్కారం.

మీ ఉత్తరం చదివాక తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం అన్నం సయించలేదు. నా భార్య ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

నేను తప్పుడు అంకె ఒక్కటి కూడా రాయలేదు. మొదటి రోజు నిల్వ పదకొండు అని రాసి సంతకం పెట్టాను. సంతకం పెట్టిన తర్వాత సరుకు తగ్గితే అది నా బాధ్యత. కాబట్టి ఎప్పుడు తగ్గినా, తగ్గినన్ని అదే సాయంత్రం తెచ్చి పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లలో నా గోడౌన్‌లో ముగింపు నిల్వ ఒక్కరోజు కూడా తప్పలేదు. బల్లుల విషయంలో తప్పితే ఎలా?

ఎక్కడి నుంచి తెచ్చానో కూడా చెప్పాలి. ఆవరణకు అవతలి వైపు ధాన్యం గోడౌన్ ఉంది. గింజలకు పురుగులు చేరతాయి, పురుగులకు బల్లులు చేరతాయి. అక్కడి స్టోర్‌కీపరు నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు అడిగాడు.

"ఏం బావా, ఈ వేళప్పుడు నా గోడ దగ్గర నీకేం పని?"

"రెండు బల్లులు తగ్గాయి. తీసుకెళ్తాను."

"రెండేం ఖర్మ, ఇరవై పట్టుకెళ్లు. ఎలుకలు కూడా ఉన్నాయి, కట్టించమంటావా?"

ఎలుకలు ఈ ఏడాది నా సిలబస్‌లో లేవని చెప్పాను. కాగితం చుట్టలు వచ్చే అట్టగొట్టం ఒకటి తీసుకుని బల్లి ముందు పెడితే అదే లోపలికి దూరుతుంది. మూతికి గుడ్డ కట్టి తెచ్చేవాణ్ణి. దెబ్బ తగలనివ్వలేదు. ఒకరోజు లెక్క పదమూడు వచ్చింది. ఎక్కువైన రెండింటినీ వెనక్కి ఇచ్చేశాను. మనది కానిది మనకెందుకు?

విధేయుడు,
317

తా.క. తోక 39వ రోజు ఉదయం మా కిటికీ గట్టు మీద దొరికింది. ఆ సాయంత్రం పదకొండింటినీ వరసగా చూశాను. అన్నిటికీ తోకలున్నాయి. ఎవరిదో తెలియని సరుకును పారేయడం మా పద్ధతి కాదు. అగ్గిపెట్టెలో పెట్టి భద్రపరిచాను.

10వ తేదీ

317 గారికి,

మీ సంజాయిషీ స్టాఫ్‌రూంలో పైకి చదివాను. మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మా విభాగాధిపతిని మేమంతా పెద్దాయన అంటాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈయన అబద్ధం ఆడలేదమ్మా. ప్రకృతి దగ్గర స్టోర్‌కీపర్‌గా చేరిపోయాడు, అంతే" అన్నారు.

అయ్యా, తగ్గితే తగ్గిందని రాయడమే పరిశీలన. మీరు చేసింది ఎలా ఉందంటే, చెరువులో చేపలు లెక్కపెట్టడానికి వెళ్లి, తక్కువున్నాయని బజారులో చేపలు కొని చెరువులో వదిలి వచ్చినట్టుంది. మీ నిజాయితీ మీద నాకిప్పుడు అనుమానం లేదు. కానీ ఈ పుస్తకానికి మార్కులు ఎలా వేయను? మీ గోడ మీద నిజంగా ఎన్ని బల్లులున్నాయో మీ పుస్తకం చెప్పదు. మీరెంత మంచివారో మాత్రమే చెబుతుంది. దానికి ప్రాక్టికల్‌లో మార్కులు లేవు.

పెద్దాయన ఒక్క ప్రశ్న అడగమన్నారు. మీ గోడౌన్ బల్లి ఏదో, తెచ్చిన బల్లి ఏదో మీకెలా తెలుసు? తెలియకపోతే ఇక చేయగలిగిందేమీ లేదు.

నా జవాబు వచ్చేదాకా ఒక్క బల్లిని కూడా ముట్టుకోకండి. పది ఉంటే పది ఉండనివ్వండి. రెండు ఉంటే రెండు ఉండనివ్వండి. మనసు రాయి చేసుకోండి.

ఇట్లు,
అధ్యాపకురాలు

తా.క. ఆ అగ్గిపెట్టె మీద "తోక" అని రాసిపెట్టండి. ఇంట్లో ఎవరైనా పొయ్యి వెలిగించబోతే కష్టం.

12వ తేదీ

మేడం గారికి,

317 నమస్కారం. పెట్టె మీద ముందే రాశాను.

ఏది ఎవరిదో తెలియకపోవడమేమిటి? రెండు గోడౌన్ల సరుకు కలిపేయడం ఎంత తప్పో నాకు తెలియదా? తెచ్చిన ప్రతి బల్లికీ వీపు మీద ఎర్ర రంగుతో నంబరు వేశాను. ఒకటి నుంచి ఏడు వరకు. రంగు నా భార్య గోళ్లకు వేసుకునేది. సీసా అడిగి తీసుకోలేదు. అది నా తప్పే. ఒకరోజు ఆవిడ నాకు క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, గోడ మీద 3వ నంబరును చూసింది.

"ఏమండీ, ఆ రంగు నాది కాదూ?"

"నీదే."

"పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది. నా గోళ్లకు ఒక్కసారి వేశారా? బల్లికి వేస్తారా, అదీ ఇంత పొందిగ్గా?"

ఆవిడ దగ్గరికి వెళ్లి చూసి, "మూడులో మెలిక బాగా వచ్చింది" అంది. క్యారేజీ అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఇక ఒక వైఫల్యం గురించి చెప్పాలి. దాచలేదు గానీ, మీరు అడగలేదు కాబట్టి చెప్పలేదు. తెచ్చిన సరుకు నిలవదు. ఈ రోజు తెస్తే రేపో ఎల్లుండో కనిపించదు. వెళ్లి చూస్తే మళ్లీ ధాన్యం గోడౌన్‌లో, పట్టుకున్న అదే గోడ మీద, వీపు మీద నా నంబరుతో కూర్చుని ఉంటుంది. మళ్లీ దాన్నే తెచ్చేవాణ్ణి. కొత్త బల్లిని తెస్తే నంబర్లు పెరిగిపోతాయి కదా. ఇలా తీసుకురావడం, అది పోవడం, మళ్లీ తీసుకురావడం. వీటన్నిటికీ రవాణా పుస్తకం అని వేరే పెట్టాను. ప్రాక్టికల్‌లో అది అడగలేదని పంపలేదు. 38వ రోజు తెచ్చిన 4వ నంబరు మాత్రం ఆ తర్వాత ఏ గోడ మీదా కనిపించలేదు. ఆ ఒక్కటి బాకీ ఉండిపోయింది.

విధేయుడు,
317

తా.క. 19వ రోజు 6వ నంబరు వీపు మీద నంబరు లేదు. నోట్లో తెల్లటి పొర వేలాడుతోంది, అందులో ఎర్ర రంగు. అది తన నంబరును తనే తినేసింది. సరుకు తన చీటీని తినడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. మళ్లీ వేశాను.

14వ తేదీ

317 గారూ,

ఇది చదివే ముందు కూర్చోండి. నేను నిలబడి మొదలుపెట్టి, సగంలో కుర్చీ వెతుక్కున్నాను.

మీరు వైఫల్యం అంటున్నది వైఫల్యం కాదు. తెలియని చోట వదిలిన జంతువు, దారి చూపేవాళ్లు లేకుండా, తన గోడకు తను తిరిగి వెళ్లడం. పావురాలు వెళ్తాయని అందరికీ తెలుసు. గోడ మీది మామూలు బల్లి, అరచెయ్యంత కూడా లేని ప్రాణి, ఆవరణ దాటి వెళ్తుందా? ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వెళ్తుందా? వీపు మీద నంబరుతో సహా, తేదీలతో సహా లెక్క రాసినవాళ్లను నేనెరగను. నేనెరగనంత మాత్రాన లేరని కాదు. కానీ పెద్దాయన కూడా ఎరగరట.

మీ ఉత్తరం పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. ఆయన చదివి, మోకాలి నొప్పి సంగతి మరిచిపోయి రెండంతస్తులు మెట్లెక్కి లైబ్రరీకి వెళ్లారు. దిగేటప్పుడు గుర్తొచ్చింది, ఇద్దరు పట్టుకుని దించాం. దించుతున్నంతసేపూ "రవాణా పుస్తకం తెప్పించమ్మా, రవాణా పుస్తకం" అంటూనే ఉన్నారు.

ఆ పుస్తకం వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఏ బల్లి, ఏ తేదీన తెచ్చారు, ఎన్ని రోజులకు తిరిగి వెళ్లింది, రెండు గోడల మధ్య దూరమెంత. అంతా కావాలి.

మీ,
అధ్యాపకురాలు

తా.క. బల్లి కుబుసం విడుస్తుంది, విడిచిన చర్మాన్ని తినేస్తుంది. 6వ నంబరు చేసింది అదే. రెండో సంవత్సరం మూడో పాఠంలో ఉంది. అక్కడ మీకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పుడే చూశాను. మళ్లీ చదవండి.

16వ తేదీ

మేడం గారికి,

317 నమస్కారం.

మీరు చెప్పినట్టే కూర్చుని చదివాను. చదివి లేచి నిలబడ్డాను. గోడౌన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

రవాణా పుస్తకం పంపుతున్నాను. మొత్తం తెచ్చినది ఇరవై మూడు సార్లు. తిరిగి వెళ్లినట్టు కళ్లారా చూసింది ఇరవై రెండు. మిగిలిన ఒకటి 4వ నంబరు ఆఖరి ప్రయాణం. 4వ నంబరు ఒక్కటే ఆరుసార్లు వచ్చింది. గోడ నుంచి గోడకు నా అడుగులతో నూట నలభై. మధ్యలో సిమెంటు నేల, ఒక మురుగు కాలువ, ఒక ఇనుప గేటు. గేటు దగ్గర రాత్రి కాపలా ఉంటుంది.

ఇంట్లో కూడా చెప్పాను. నా భార్య, "అయితే ఆ రంగు నాదేనని కూడా రాస్తారా?" అంది. రాస్తారో లేదో మీరే చెప్పాలి. నిన్నటి నుంచి సాయంత్రం ఏడు గంటలకు ఆవిడ కూడా వచ్చి లెక్కపెడుతోంది. నాకు తొమ్మిది వస్తే ఆవిడకు పది వచ్చాయి. మళ్లీ చూస్తే పది నిజం.

ఈ వయసులో ఈ చదువెందుకని మీరు అడగలేదు. అందరూ అడుగుతారు, నేను చెప్పను. మీకు చెబుతాను. ఏడో తరగతితో నా బడి ఆగింది. ఈ గోడౌన్‌లో చేరిన కొత్తలో చిత్తుకాగితాల మూటలో ఏదో పుస్తకంలోని పేజీ ఒకటి దొరికింది. కప్ప గుండెకు మూడు గదులనీ, రెండు గదుల్లోకి రక్తం వేరువేరుగా వస్తుందనీ ఉంది. "మూడో గదిలో ఆ రెండూ" అన్న చోట కాగితం చిరిగిపోయింది. ఆ రెండూ ఏమవుతాయో ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు లేదు. ఏళ్లు గడిచాయి గానీ ఆ వాక్యం వదల్లేదు. చివరికి ఒక్కో పరీక్షా ప్రైవేటుగా రాసుకుంటూ మీ దాకా వచ్చాను. రెండో సంవత్సరం పాఠంలో మిగతా సగం దొరికింది. కలిసిపోతాయి. ఆ రోజు రెండు టీలు తాగాను.

విధేయుడు,
317

తా.క. కుబుసం పాఠం మళ్లీ చదివాను. ఆ సంవత్సరం మార్కుల సంగతి ఇంట్లో తెలియదు.

19వ తేదీ

ప్రియమైన 317 గారికి,

మీ పుస్తకాన్ని నేనూ పెద్దాయనా మూడుసార్లు చదివాం. ఇరవై రెండు తిరుగు ప్రయాణాలు. డిపార్ట్‌మెంటులో ఇప్పుడు బల్లి మాట తప్ప ఇంకో మాట లేదు. వృక్షశాస్త్రం వాళ్లు కుళ్లుకుంటున్నారు.

27వ తేదీ శుక్రవారం సాయంత్రం పెద్దాయనా నేనూ మీ గోడౌన్‌కు వస్తున్నాం. ఆయన కళ్లతో చూసి సంతకం పెడితే, మీ ప్రాక్టికల్ పాసవడమే కాదు, వచ్చే నెల సదస్సులో ఆయన దీని గురించి మాట్లాడతారు. మీ పేరు ముందుంటుంది. శీర్షిక కూడా రాసి పంపేశాం. గోళ్ల రంగు ఎవరిదో కింద చిన్న అక్షరాల్లో తప్పకుండా వేస్తామని మీ ఇంట్లో చెప్పండి.

కప్ప గుండె పేజీ గురించి చదివాక కాసేపు పాఠం చెప్పలేకపోయాను. పిల్లలు ఏమైంది మేడం అన్నారు. ఏమీ లేదన్నాను. ఆ మాట మీ దగ్గర నేర్చుకున్నదే.

మీ,
అధ్యాపకురాలు

తా.క. ఒక రహస్యం. ఇరవై రెండేళ్లుగా బల్లి పాఠం చార్టు చూపించి చెబుతున్నాను. ఎందుకంటే నాకు బల్లి అంటే ప్రాణం పోయేంత భయం. మా ఇంట్లో ఒకటి కనిపిస్తే మంచం మీదికి ఎక్కుతాను. పెద్దాయనకు తెలియదు. శుక్రవారం నన్ను గోడకు దూరంగా నిలబెట్టే ఉపాయం ఏదైనా ఆలోచించండి.

21వ తేదీ

మేడం గారికి,

317 నమస్కారం. శుక్రవారం మీరు రావద్దు. శీర్షిక వెనక్కి తెప్పించండి. నా రోల్ నంబరు కొట్టేయండి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. గేటు దగ్గర కాపలా ఉండే ఆయన నాకంటే పెద్ద. అందరూ గేటు తాత అంటారు. తొమ్మిదేళ్లుగా నేను వెళ్లేటప్పుడు ఆయన వస్తాడు. "వచ్చారా" అంటాను, "వెళ్తున్నారా" అంటాడు. అంతకు మించి మాటల్లేవు. చేరిన రోజున ఆయనకు నేనే చెప్పాను: తేడా ఏది కనిపించినా నోటితో చెప్పొద్దు, పుస్తకంలో రాయండి.

నిన్న సాయంత్రం, "శుక్రవారం పెద్దవాళ్లు వస్తున్నారు. బల్లుల గురించి" అన్నాను.

తాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తెలిసిపోయిందా సార్? నేనెవరికీ చెప్పలేదు."

"ఏమిటి తెలిసిపోవడం?"

"మీరు పక్క గోడౌన్ సరుకు తెస్తున్న సంగతి. గొట్టంలో పెట్టుకుని, గుడ్డ కప్పుకుని తెస్తుంటే నేను చూడలేదనుకున్నారా? పెద్ద మనిషి, పరువు పోతుందని నోరు మూసుకున్నాను. గేటు దీపం దగ్గరికి పురుగుల కోసం వస్తాయి కదా సార్. నంబరున్నది కనిపిస్తే టోపీ వేసి పట్టుకుని, ఎక్కడి సరుకు అక్కడ, ధాన్యం గోడ మీద వదిలేస్తున్నాను. మీ మీదికి ఏమీ రాకుండా చూశాను."

తొమ్మిదేళ్లలో ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఏ బల్లీ ఇంటిదారి పట్టలేదు మేడం. తాత టోపీలో వెళ్లాయి. మిమ్మల్ని, పెద్దాయనను మెట్లెక్కించాను. అది నాకు ఎక్కువ బాధగా ఉంది. తాత గేటు పుస్తకం అడిగి తీసుకుని దీనితో పంపుతున్నాను. నేను దాన్ని తెరవలేదు. సరిచూడకుండా నా చేతి మీదుగా వెళ్తున్న పుస్తకం ఇదొక్కటే. చూసే ధైర్యం లేదు.

విధేయుడు,
మాజీ 317

తా.క. నా భార్యకు ఇంకా చెప్పలేదు. ఆవిడ గోడ ముందు కుర్చీ వేసుకుని లెక్కపెడుతోంది.

24వ తేదీ

ప్రియమైన 317 గారికి, మాజీ కాదు,

మీరు సరిచూడలేదు కాబట్టి ఆ పని నాకు పడింది. నిన్న సాయంత్రం భోజనాల బల్ల మీద మీ రవాణా పుస్తకం ఒకపక్క, తాత గేటు పుస్తకం ఒకపక్క పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వంట చేశారు. అదెలా ఉందో ఈ ఉత్తరంలో రాయను.

1, 2, 3, 5, 6, 7 నంబర్లు మొత్తం పదిహేడుసార్లు వచ్చాయి. పదిహేడుసార్లూ తాత టోపీలోనే వెళ్లాయి. తేదీలు అచ్చంగా సరిపోయాయి. పెన్ను మూసేశాను. తర్వాత, మిగిలింది 4వ నంబరు ఒక్కటే కదా అని మళ్లీ తెరిచాను. తాత రాసింది రాసినట్టు దించుతున్నాను.

"4వ నంబరు. 7.50. నేల మీద వచ్చింది. గేట్ పాస్ లేదు. ఆగమన్నాను. ఆగలేదు. ధాన్యం గోడౌన్ వైపు పోయింది."

"4వ నంబరు. 8.10. టోపీ వేశాను. తప్పించుకుని ధాన్యం వైపు పోయింది. టోపీ కాలువలో పడింది."

"4వ నంబరు. 7.40. ధాన్యం వైపు. పాస్ అడగలేదు. అడిగినా లాభం లేదు."

"4వ నంబరు. 8.05. ధాన్యం వైపు. దీపం దగ్గర పురుగులున్నా ఆగలేదు. పనిమీద పోతున్నట్టుంది."

"4వ నంబరు. 7.55. మామూలే."

ఆరోది మీ 38వ రోజుది.

"4వ నంబరు. 8.00. గేటు మూస్తుండగా కింద నుంచి దూరింది. బల్లి అటు, తోక ఇటు. బల్లి ధాన్యం గోడ ఎక్కడం చూశాను. తోక కాగితం గోడౌన్ వైపు పడింది కాబట్టి కాగితం గోడౌన్ కిటికీలో అప్పగించడమైనది."

317 గారూ, ఆరుసార్లు. ఎవరి టోపీలోనూ ఎక్కకుండా, తన కాళ్ల మీద, ప్రతిసారీ ఒకటే దిక్కుకు వెళ్లింది. మీరు చూడనప్పుడు ఇంకొకరు చూసి టైము వేసి రాసిపెట్టారు. మీ పుస్తకం ఒక్కటే ఉంటే ఇరవై రెండు అనుకుని సదస్సులో తల వంచుకునేవాళ్లం. తాత పుస్తకం వచ్చాక ఆరు మిగిలాయి. పెద్దాయన రెండూ చదివి, "ఒక్క బల్లి, ఆరుసార్లు. చిన్న విషయమేనమ్మా, కానీ నిజం" అన్నారు. శీర్షికలో "బల్లులు" కొట్టేసి "ఒక బల్లి" అని రాశారు. మీ పేరు పక్కన గేటు తాత పేరు కూడా చేర్చారు.

మీ ప్రాక్టికల్‌కు యాభైకి నలభై ఎనిమిది మార్కులు వేశాను. బల్లులను భర్తీ చేసినందుకు రెండు తగ్గించాను. మీ హాల్ టికెట్ ఈ కవరులోనే ఉంది. పరీక్షలో కప్ప గుండె వస్తే మూడో గది దగ్గర ఆగిపోకండి.

శుక్రవారం వస్తున్నాం. నా రహస్యానికి ఉపాయం నాకే దొరికింది. పెద్దాయనను లోపలికి పంపించి, నన్ను మాత్రం గేట్ పాస్ లేదని ఆపేయమని తాతతో చెప్పండి. ఆయన మాట మీద నేను ఆగుతాను.

మీ,
అధ్యాపకురాలు

తా.క. మీ నోటుపుస్తకంలో "తోక – 1. యజమాని తెలియదు" అన్న పద్దు ఇంకా తెరిచే ఉంది. యజమాని 4వ నంబరు అని రాసి మూసేయండి. వెనక్కి అప్పగించనక్కర్లేదు. ఈపాటికి అది కొత్తది పెంచుకునే ఉంటుంది.